పది చేతులు, ఒక వ్యాగను: రూపకల్పనకు ప్రమాణములు

రేణిగుంట జంక్షనులో ఆగియున్న ఒక గూడ్సు బండిని చూచినచో, దానిలోని వ్యాగనులన్నియు ఒక్క తీరుననే కనిపించును. కాని వాని పుట్టుక వేరు వేరు చోట్ల జరిగినది. ఒక వ్యాగను పెట్టెను కోల్‌కతా ప్రాంతపు కర్మాగారము నిర్మించియుండును. దాని చక్రములు, ఇరుసులు బెంగళూరు చెంతనున్న యలహంక కర్మాగారమునుండి వచ్చియుండును. క్రింద పరచిన పట్టాలు భిలాయి ఉక్కు కర్మాగారమున తయారైనవి కావచ్చును. పాడైనప్పుడు దానిని విజయవాడ సమీపముననున్న గుంటుపల్లి వర్కుషాపులో బాగుచేసియుందురు. ఈ నాలుగు చోట్ల పనిచేయువారు ఒకరి ముఖము నొకరు ఎన్నడును చూచియుండరు. అయినను చక్రము పట్టాపై చక్కగా కూర్చుండుచున్నది. ఒక వ్యాగను కప్లింగు మరియొక దాని కప్లింగును తప్పక అందుకొనుచున్నది.

ఒకరినొకరు ఎరుగని ఇందరు పనివారు ఒకే వస్తువును ఎట్లు నిర్మింపగలిగిరి? పని మొదలిడక పూర్వమే అందరును అంగీకరించిన కొన్ని కొలతలు, కొన్ని నియమములు ఉండుటయే ఇందుకు కారణము. వీనినే రూపకల్పనా ప్రమాణములందురు. ఒక్కడే కూర్చుండి చేయు వస్తువునకు ఈ ప్రమాణములు ఆ పనివాని మనస్సులో ఉన్నను చాలును. పలువురు కలిసి చేయు వస్తువునకు మాత్రము అవి కాగితముపై, అంకెలలో, అందరికిని ఒకే అర్థమిచ్చునట్లు ఉండితీరవలెను.

కోరిక వేరు, ప్రమాణము వేరు

"వ్యాగను గట్టిగా ఉండవలెను, తేలికగా ఉండవలెను, ఎక్కువ సరకు మోయవలెను" అనుట కోరిక మాత్రమే. గట్టి అనగా ఎంత గట్టి? తేలిక అనగా ఎన్ని టన్నులు? ఈ ప్రశ్నలకు సమాధానము లేనంతవరకు ఇద్దరు ఇంజనీర్లు ఆ మాటలను రెండు విధములుగా గ్రహింతురు. ఇద్దరును నిజాయితీగా పనిచేసినను ఫలితములు ఒకదానితో నొకటి పొసగవు.

కోరికను కొలతగా మార్చినప్పుడే అది ప్రమాణమగును. బొగ్గు, ఖనిజములు మోయుటకు మన రైల్వేలలో విస్తారముగా వాడిన బాక్స్-ఎన్ అను వ్యాగనును ఉదాహరణముగా తీసికొందము. దీనికి నాలుగు ఇరుసులు కలవు. ఒక్కొక్క ఇరుసు పట్టాలపై మోపదగిన బరువు 20.32 టన్నులకు మించరాదని దీని రూపకల్పనలో మొదట నిర్ణయించిన ప్రమాణము. కనుక నిండు వ్యాగను మొత్తము బరువు 4 × 20.32 = 81.28 టన్నులు. ఖాళీ వ్యాగను బరువు 22.47 టన్నులు. ఈ రెండింటి భేదము 58.81 టన్నులు. అదియే అది మోయగల సరకు.

ఈ చిన్న తీసివేతలో ఒక పెద్ద సత్యమున్నది. ఇరుసు బరువును నిర్ణయించినది వ్యాగను కట్టువాడు కాదు. పట్టాలు, స్లీపరులు, వంతెనలు ఎంత బరువు తాళగలవో లెక్కించిన ఇంజనీరు. పెట్టె నిర్మించువాడు భద్రత కొరకని ఒక టన్ను ఇనుమును అదనముగా వాడినచో, మొత్తము బరువు పెరుగుటకు వీలులేదు గనుక, సరకు సరిగా ఒక టన్ను తగ్గును. 50 వ్యాగనుల బండిలో ఆ నష్టము 50 టన్నులు. వంతెన ఇంజనీరు, పెట్టె నిర్మాత, సరకు పంపు వర్తకుడు — ఈ ముగ్గురును ఎన్నడును కలిసికొననక్కరలేదు. కాని 20.32 అను ఒక్క అంకె ఆ ముగ్గురి పనులను ఒక త్రాటితో కట్టివేసినది.

అతుకుల వద్దనే అసలు పరీక్ష

పలువురు కలిసి చేసిన వస్తువు ఎక్కడ విఫలమగును? సాధారణముగా ఏ ఒక్కరి భాగము నడుమనో కాదు. ఒకరి భాగము మరియొకరి భాగముతో కలియు చోటనే. కనుక ప్రమాణములలో మొదట శ్రద్ధ చూపవలసినవి అతుకుల ప్రమాణములు. వ్యాగను విషయములో ఇట్టివి ముఖ్యముగా రెండు.

మొదటిది చక్రమునకును పట్టాకును గల సంబంధము. బ్రాడ్ గేజి మార్గములో రెండు పట్టాల లోపలి అంచుల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు, అనగా 5 అడుగుల 6 అంగుళములు. ఒకే ఇరుసునకు బిగించిన రెండు చక్రముల లోపలి ముఖముల నడుమ దూరము 1600 మిల్లీమీటర్లు. ప్రతి చక్రమునకు లోపలి ప్రక్క ఒక అంచు పొడుచుకొని వచ్చి, చక్రము పట్టానుండి జారకుండ కాపాడును. క్రొత్త చక్రమునకు ఆ అంచు మందము సుమారు 28 మిల్లీమీటర్లు. 1600కు రెండు అంచుల మందము 56 కలిపిన 1656 అగును. 1676లో నుండి దీనిని తీసివేయగా మిగులునది సుమారు 20 మిల్లీమీటర్లు. ఈ కొద్దిపాటి ఖాళీయే చక్రమునకు పట్టాల నడుమ కదలుటకు లభించు స్వేచ్ఛ. ఇది బొత్తిగా లేకున్న అంచులు పట్టాలను ఒరసికొని వంపులవద్ద బిగిసిపోవును. మితిమీరిన బండి అటునిటు ఊగిసలాడును. యలహంకలో చక్రము చేయువాడును, రేణిగుంట సమీపమున పట్టా సరిచేయు గ్యాంగుమనిషియు ఈ 20 మిల్లీమీటర్లకు సమముగా బాధ్యులు.

రెండవది ఒక వ్యాగనుకును మరియొక వ్యాగనుకును గల సంబంధము. కప్లింగు లేక బఫరు మధ్యబిందువు పట్టా పైభాగమునుండి ఎంత ఎత్తున ఉండవలెను? ఖాళీ వ్యాగనుకు 1105 మిల్లీమీటర్లకు మించరాదు. నిండు వ్యాగనుకు 1030 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఒకే అంకె చెప్పక రెండు అంకెలు చెప్పుటలో విజ్ఞత కలదు. సరకు నింపినప్పుడు స్ప్రింగులు అణగి వ్యాగను క్రిందికి దిగును. చక్రములును అరుగును, 1000 మిల్లీమీటర్ల వ్యాసముగల చక్రము అరిగి అరిగి సుమారు 906 మిల్లీమీటర్లకు వచ్చువరకు వాడుదురు. వ్యాసము 94 తగ్గినచో వ్యాసార్ధము 47 తగ్గును. అనగా వ్యాగను అంతయు 47 మిల్లీమీటర్లు క్రుంగును. ఆ క్రుంగుదలను పూడ్చుటకు నడుమ బిళ్లలు పెట్టి ఎత్తు సరిచేయుదురు. ఈ మార్పులన్నింటిని ముందే ఊహించి 75 మిల్లీమీటర్ల వెసులుబాటు ఇచ్చిరి. వెసులుబాటు లేని ప్రమాణమును ఎవరును పాటింపజాలరు. మితిమీరిన వెసులుబాటు గల ప్రమాణము ఉన్నను లేనట్లే.

ఈ ప్రమాణములో గమనింపదగిన మరియొక విశేషము కలదు. అది కప్లింగు ఎత్తును చెప్పినది గాని, స్ప్రింగు ఏ ఆకారమున ఉండవలెనో చెప్పలేదు. ఏమి సాధింపవలెనో చెప్పి, ఎట్లు సాధింపవలెనో పనివాని తెలివికి వదలివేయుట మంచి ప్రమాణము లక్షణము. అట్లు వదలినందువలననే అదే ఎత్తులో క్రొత్త క్రొత్త స్ప్రింగులు, క్రొత్త బోగీ చట్రములు పుట్టుటకు వీలు కలిగినది.

ప్రమాణములు కలియని చోటు

అతుకు ప్రమాణము లోపించినచో ఏమి జరుగునో రేణిగుంట చరిత్రయే చెప్పగలదు.

భారతదేశములో రైళ్లు వేయుటకు పూర్వమే ఇంగ్లాండు ఈ విషయమున ఒక కఠినమైన పాఠము నేర్చుకొన్నది. అక్కడ కొన్ని కంపెనీలు 4 అడుగుల 8½ అంగుళముల గేజిని, బ్రునెల్ అను ప్రసిద్ధ ఇంజనీరు మార్గదర్శకత్వమున గ్రేట్ వెస్టర్న్ కంపెనీ సుమారు 7 అడుగుల గేజిని అవలంబించినవి. బ్రునెల్ గేజి వేగమునకు, స్థిరత్వమునకు మేలైనదే. కాని రెండు గేజులు కలిసిన గ్లోస్టరు పట్టణములో ప్రతి వస్తువును ఒక బండినుండి దింపి మరియొక దానికి ఎక్కింపవలసి వచ్చెను. 1846లో పార్లమెంటు గేజి చట్టమును చేసినది. అయినను వెడల్పు గేజి పూర్తిగా తొలగుటకు 1892 వరకు పట్టినది.

ఈ అనుభవమును ఎరిగిన గవర్నరు జనరలు డల్హౌసీ, భారతదేశమంతట ఒకే గేజి ఉండవలెనని పట్టుపట్టెను. ఆయన 6 అడుగులను కోరగా, చివరకు 5 అడుగుల 6 అంగుళములు నిర్ణయమైనది. 1853లో బొంబాయి–ఠాణా నడుమను, 1856లో మద్రాసు రాయపురమునుండి ఆర్కాటు వైపును నడచిన తొలి బండ్లు ఈ గేజిమీదనే నడచినవి. మద్రాసు రైల్వే కంపెనీ వేసిన మార్గము అరక్కోణము, రేణిగుంట, కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరి, 1871లో బొంబాయినుండి వచ్చిన మార్గముతో కలిసినది.

సరిగా ఆ కాలముననే మరియొక ఆలోచన బయలుదేరినది. బ్రాడ్ గేజికి ఖర్చు హెచ్చు. ఖజానాలో ధనము తక్కువ. అందుచేత వైస్రాయి మేయో 1870 ప్రాంతమున తక్కువ ఖర్చుతో వేయదగిన మీటరు గేజిని ప్రవేశపెట్టెను. ఇందులో రెండు పట్టాల నడుమ దూరము 1000 మిల్లీమీటర్లు. సన్నని పట్టాలు, చిన్న వంతెనలు, పదునైన వంపులు చాలును. కొండ ప్రాంతములకును, రాకపోకలు తక్కువగా ఉన్న ప్రాంతములకును ఇది అనువైనది. "కిలోమీటరుకు ఖర్చు ఎంత?" అను ఒక్క ప్రమాణముతో చూచిన మేయో నిర్ణయము తప్పు కాదు. "దేశమంతట బండి ఆగక నడువవలెను" అను ప్రమాణముతో చూచిన డల్హౌసీ నిర్ణయము సరియైనది. తగవు ఇద్దరి తెలివిలో లేదు. ఎవరు ఏ ప్రమాణమును ముందు నిలిపిరనుటలో ఉన్నది.

ఈ రెండు ప్రమాణములు రేణిగుంటలో ఎదురెదురుగా నిలిచినవి. సౌతిండియన్ రైల్వే కంపెనీ కాట్పాడినుండి చిత్తూరు, పాకాల, తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరు వరకు వేసిన మార్గము మీటరు గేజి. మద్రాసు–బొంబాయి మార్గము బ్రాడ్ గేజి. తిరుమల యాత్రికులు ఎందరో పెద్ద బండి దిగి, మూటా ముల్లె సర్దుకొని, తిరుపతికి చిన్న బండి ఎక్కవలసి వచ్చెడిది. మనుష్యులు తమంతట తాము దిగి ఎక్కగలరు. సరకు అట్లు చేయజాలదు.

ఒక లెక్క వేసి చూతము. చిత్తూరు ప్రాంతపు బెల్లము 20 టన్నులు మీటరు గేజి వ్యాగనులో బయలుదేరి బొంబాయి వైపు పోవలెననుకొందము. బస్తాకు 100 కిలోల చొప్పున 200 బస్తాలు. ప్రతి బస్తాను ఒకమారు దింపవలెను, ఒకమారు ఎక్కింపవలెను. అనగా 400 మోతలు. ఈ 400 మోతలవలన బెల్లము ఒక్క అడుగు కూడ బొంబాయికి దగ్గర కాలేదు. కూలివాని వెన్ను అరిగినది, బస్తాలు చినిగినవి, వ్యాగనులు రెండును నిలిచిపోయినవి. చిన్న గేజి వేయుటలో మిగిలిన ధనము ఒకమారు మిగిలినది. మోతల ఖర్చు మాత్రము ప్రతి దినమును తగులుచు వచ్చినది. పైగా ఆ ఖర్చు మార్గము వేసినవారి పద్దులో కాక, వర్తకుని పద్దులోను, కూలివాని దేహముపైనను పడినది. ప్రమాణములను నిర్ణయించునప్పుడు లాభము ఎవరికి, భారము ఎవరిపై అను ప్రశ్న తప్పక వేసికొనవలెననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అక్కరలేదు.

దేశమందలి గేజులను ఒకటి చేయుటకు యూనిగేజి ప్రణాళిక 1992లో ఆరంభమైనది. నేడు తిరుపతి జిల్లాలోని రేణిగుంటలో కలియు మార్గములన్నియు బ్రాడ్ గేజివే. ఒక శతాబ్దమునకు పూర్వము చేసిన నిర్ణయమును సరిదిద్దుటకు వంతెనలను, స్టేషనులను, పట్టాలను, బండ్లను తిరిగి నిర్మింపవలసి వచ్చినది. కాగితముపై ప్రమాణమును మార్చుట సులభము. ఇనుములో మార్చుట కష్టము.

ఒకే భాష, ఒకే కొలత

ప్రమాణములో అంకె ఉన్న చాలదు. ఆ అంకె ఏ మానములో ఉన్నదో కూడ స్పష్టముగా ఉండవలెను. 1998 డిసెంబరులో అమెరికా అంగారక గ్రహమునకు ఒక వ్యోమనౌకను పంపినది. దాని పేరు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. నౌకను నిర్మించిన సంస్థ, రాకెట్టు తోపుడు పరిమాణమును పౌను–సెకనులలో లెక్కించి ఇచ్చినది. నౌకను నడిపించు శాస్త్రజ్ఞుల సంస్థ ఆ అంకెలను న్యూటను–సెకనులుగా భావించినది. ఒక పౌను బలము సుమారు 4.45 న్యూటనులకు సమానము. ఈ భేదము నెలల తరబడి కొద్దికొద్దిగా పోగుపడి, 1999 సెప్టెంబరు 23న నౌక అనుకొన్న ఎత్తుకంటె చాల క్రిందుగా అంగారక వాతావరణములో ప్రవేశించి నశించినది. రెండు సంస్థల లెక్కలును వేరు వేరుగా చూచిన తప్పు కావు. తప్పు ఆ రెండింటి నడుమ ఉన్నది. ఒప్పందములో మెట్రిక్ మానమును వాడవలెనని ఉన్నను, అది పాటింపబడినదో లేదో అతుకు వద్ద పరీక్షింపలేదు.

కనుక ప్రతి ప్రమాణమునకును మూడు తోడులుండవలెను: అంకె, మానము, పరీక్షించు విధానము. "ఎంత?", "దేనిలో?", "ఎట్లు తెలియును?" అను మూడు ప్రశ్నలకు సమాధానము లేని వాక్యమును ప్రమాణముగా అంగీకరింపరాదు.

మన రైల్వేలలో ఈ పని చేయుటకు ప్రత్యేక సంస్థలే వెలసినవి. కంపెనీల నడుమ వ్యాగనులను ఇచ్చిపుచ్చుకొనుటకు నియమములను ఇండియన్ రైల్వే కాన్ఫరెన్సు అసోసియేషను ఏర్పరచినది. రూపకల్పనలను ఏకరీతిగా చేయుటకు 1930లో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆఫీసును, పరిశోధన కొరకు 1952లో లక్నోలో రైల్వే టెస్టింగ్ అండ్ రీసెర్చి సెంటరును నెలకొల్పిరి. 1957లో ఈ రెండింటిని కలిపి పరిశోధన, రూపకల్పన, ప్రమాణముల సంస్థను ఏర్పరచిరి. దీనినే ఆర్.డి.యస్.ఓ. అందురు. వ్యాగను ఏ కర్మాగారములో పుట్టినను దాని జాతకము వ్రాయునది ఈ సంస్థయే.

తప్పనిసరి ఏది? కోరదగినది ఏది?

ప్రమాణములన్నియు ఒక్క తూకమునవి కావు. కొన్ని తప్పనిసరి, వానిని దాటిన వస్తువు పనికిరాదు. 1600 మిల్లీమీటర్ల చక్రముల దూరము ఇట్టిది. దీనిలో బేరమునకు తావు లేదు. మరికొన్ని కోరదగినవి, ఎంత హెచ్చిన అంత మేలు. తక్కువ బరువు, తక్కువ ధర, సులభమైన మరమ్మతు ఇట్టివి. ఇవి తరచు ఒకదానితో నొకటి పోరాడును. తేలికగా చేసిన ధర పెరుగును. చౌకగా చేసిన మరమ్మతు పెరుగును.

ఇట్టి సందర్భమున ప్రతి ప్రమాణమునకు ఒక ప్రాముఖ్యపు అంకె నిచ్చి, ప్రతి నమూనాకును మార్కులు వేసి, గుణించి కూడుట ఒక పద్ధతి. బలము, తేలికదనము, చౌకదనము అను మూడు ప్రమాణములకు ప్రాముఖ్యము వరుసగా 5, 3, 2 అనుకొందము. మొదటి నమూనాకు వరుసగా 5, 2, 4 మార్కులు వచ్చినవి. దాని మొత్తము 25 + 6 + 8 = 39. రెండవ నమూనాకు 3, 5, 5 వచ్చినవి. దాని మొత్తము 15 + 15 + 10 = 40. రెండవది గెలిచినది. ఇప్పుడు ప్రాముఖ్యములను 6, 2, 2గా మార్చి చూతము. మొదటి దానికి 30 + 4 + 8 = 42; రెండవ దానికి 18 + 10 + 10 = 38. మొదటిది గెలిచినది!

నమూనాలు మారలేదు, మార్కులు మారలేదు. ప్రాముఖ్యము మాత్రమే మారినది. అందువలన ప్రాముఖ్యములను నమూనాలు చూడక పూర్వమే అందరును కలిసి నిర్ణయించుకొనవలెను. నమూనాలు చూచిన పిమ్మట నిర్ణయించినచో, ప్రతివాడును తన నమూనా గెలుచునట్లు అంకెలు సర్దుటకు ఆశపడును. అప్పుడు గణితము న్యాయము చెప్పదు. పక్షపాతమునకు ముసుగు వేయును.

ప్రమాణమును చెప్పవలసినవారు ఎవరు?

ఇంజనీర్లు మాత్రమే కూర్చుండి ప్రమాణములు వ్రాసినచో కొన్ని ముఖ్యమైనవి వారి కంటబడకపోవచ్చును. వస్తువును వాడువారు, మోయువారు, బాగుచేయువారు కూడ ఆ సభలో ఉండవలెను. పాత పద్ధతి స్క్రూ కప్లింగులో పనివాడు రెండు బండ్ల నడుమ దూరి, బరువైన కొక్కెమును ఎత్తి తగిలించి, మరను బిగింపవలెను. ఆ ఇరుకు చోటనున్నప్పుడు బండి కదలిన ప్రాణాపాయము. తగులగనే తమంతట తాము పట్టుకొను మధ్య కప్లింగులు హెచ్చు బరువును లాగుటయే కాక ఈ అపాయమును కూడ తగ్గించినవి. "పనివాడు బండ్ల నడుమకు పోనక్కరలేకుండ ఉండవలెను" అనునది ఆ పనివాని నోటినుండి రావలసిన ప్రమాణము.

హైదరాబాదులో జరిగిన ఒక సంఘటన దీనికి చక్కని ఉదాహరణము. ఏ.పి.జె. అబ్దుల్ కలాముగారు అక్కడి రక్షణ పరిశోధనాలయమున క్షిపణుల నిర్మాణమునకు నాయకత్వము వహించుచున్న దినములలో, నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు వచ్చి, క్షిపణి కొరకు తయారుచేసిన ఒక పదార్థమును చేతిలోనికి తీసికొని దాని తేలికదనమునకు ఆశ్చర్యపడెను. ఆయన కలాముగారిని ఆసుపత్రికి తోడ్కొనిపోయి, కాళ్లకు మూడు కిలోలకు పైబడిన లోహపు ఊతలు కట్టుకొని ఈడ్చుకొనుచు నడచుచున్న పిల్లలను చూపెను. మూడు వారములలో పరిశోధనాలయము సుమారు 300 గ్రాముల ఊతలను తయారుచేసినది. బరువు పదవ వంతునకు తగ్గినది. పదార్థము ముందే ఉన్నది. నైపుణ్యము ముందే ఉన్నది. లేనిది ఒక్కటే: "పిల్లవాడు దీనిని కట్టుకొని పరుగెత్తగలుగవలెను" అను ప్రమాణము. అది ఆసుపత్రినుండి వచ్చినది.

ప్రమాణములు మారవలసినప్పుడు

ప్రమాణములు శిలాశాసనములు కావు. అవసరములు మారిన అవియు మారవలెను. కాని ఒక్కరు మాత్రమే మార్చుటకు వీలులేదు. 1955లో పెరంబూరున ప్రారంభమైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, స్విస్ సంస్థ సహకారముతో ఉక్కు పెట్టెలను నిర్మింప నారంభించినది. ఇవి దశాబ్దముల తరబడి దేశమంతట ప్రయాణికులను మోసినవి. వేగమును, భద్రతను పెంచుటకై జర్మనీనుండి తెచ్చిన ఎల్.హెచ్.బి. రూపకల్పనకు 1990 దశకమున ఒప్పందము జరిగినది. కపూర్తలా కర్మాగారము వీనిని నిర్మింప మొదలిడెను. పాత పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, క్రొత్తదాని పొడవు సుమారు 23.5 మీటర్లు. కప్లింగు విధానమును వేరు.

దీని ఫలితమేమి? పాత పెట్టెలను క్రొత్త పెట్టెలతో యథేచ్ఛగా కలిపి ఒకే బండిగా నడుపుటకు వీలులేకపోయినది. పొడవు పెరిగినందున పెట్టెలు నిలుపు స్థలములను, మరమ్మతు శాలల పనిముట్లను కూడ మార్చుకొనవలసి వచ్చినది. తిరుపతి సమీపముననున్న పెట్టెల మరమ్మతు వర్కుషాపు వంటి చోట్ల పనివారు క్రొత్త నేర్పు గడింపవలసియుండును. పెరంబూరు కర్మాగారము పాత రకపు పెట్టెల నిర్మాణమును 2018లో విరమించినది. కాని అప్పటికే నిర్మించినవి మరి కొన్నేండ్లు నడచుచునే యుండును. పాత ప్రమాణము, క్రొత్త ప్రమాణము ఇరుగుపొరుగుగా మనుచున్న ఈ సంధికాలమే మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన కాలము. ఇంతటి మార్పులోను చక్రముల గేజి మాత్రము మారలేదు. ఏది మార్చవచ్చునో ఏది మార్చరాదో ముందుగానే తేల్చుకొనుట వలననే క్రొత్త పెట్టె పాత పట్టాలపై పరుగెత్తగలిగినది.

రైళ్లకు మాత్రమే ఈ సూత్రములు పరిమితము కావు. ఇటీవల రేణిగుంట పరిసరములలో ఎలక్ట్రానిక్ పరికరముల కర్మాగారములు వెలసినవి. ఒక సెల్‌ఫోనులో తెర ఒక దేశమున, బ్యాటరీ మరియొక దేశమున తయారై, వేరొక చోట ఒక్కటిగా కూడుచున్నవి. ఒకప్పుడు ఒక్కొక్క ఫోనుకు ఒక్కొక్క రకపు చార్జరు ఉండెడిది. అదియు ఒక గేజి భేదమే. ఐరోపా సమాఖ్యలో అమ్ము క్రొత్త ఫోనులకు యు.యస్.బి.–సి అను ఒకే రకపు రంధ్రము ఉండవలెనను నియమము 2024 డిసెంబరులో అమలునకు వచ్చినది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును మాటలతో కాక చేతలతో బోధింపవచ్చును. తరగతిని నాలుగు జట్లుగా విభజింపవలెను. ప్రతి జట్టును అట్టముక్కలు, సీసా మూతలు, వెదురుపుల్లలతో ఒక చిన్న బండిని చేయవలెను. మొదటి దినమున "నాలుగు బండ్లును కలిసి ఒక రైలు కావలెను" అని మాత్రము చెప్పి, జట్లను వేరువేరు మూలలలో కూర్చుండబెట్టవలెను. చివరకు బండ్లను తెచ్చి కలుపుటకు ప్రయత్నించినప్పుడు కొక్కెములు ఒకటి ఎత్తుగను, ఒకటి పల్లముగను ఉండును. చక్రముల దూరములు పొసగవు.

రెండవ దినమున జట్టునకు ఒకరి చొప్పున నలుగురు ప్రతినిధులు కూడి ప్రమాణములు వ్రాయవలెను. ఉదాహరణమునకు, చక్రముల నడుమ దూరము 10 సెంటీమీటర్లు. కొక్కెము ఎత్తు 5 సెంటీమీటర్లు, 3 మిల్లీమీటర్లు అటునిటు ఉండవచ్చును. అరకిలో ఇసుక మోయవలెను. బండి బరువు 150 గ్రాములకు మించరాదు. ప్రతి దానిని ఎవరు, దేనితో కొలుతురో కూడ వ్రాయవలెను. పిమ్మట బండ్లను తిరిగి నిర్మించి, రెండు వెదురుబద్దల పట్టాలపై నడిపి చూడవలెను. ఒక జట్టు తన బండికి పెద్ద చక్రములు వేయదలచినచో ఏమి చేయవలెను? కొక్కెము ఎత్తు మారును గనుక తక్కిన జట్లతో మాటలాడి తీరవలెను. ఆ సంభాషణయే ఈ ప్రయోగములోని ముఖ్య పాఠము.

విద్యార్థులు మూడు విషయములను పట్టికగా వ్రాసికొనుట మంచిది: ఏ ప్రమాణము పాటింపబడినది, ఏది తప్పినది, ఏ ప్రమాణము వ్రాయుట మరచితిమి అనునవి. మూడవ వరుసలోనే ఎక్కువ అంశములు చేరును. అనుభవజ్ఞులైన ఇంజనీర్ల పట్టికలలోను అట్లే జరుగును.

పలువురు కలిసి పనిచేయుటకు మంచి మనస్సు అవసరమే; కాని మంచి మనస్సు చక్రముల దూరమును నిర్ణయింపజాలదు. పని ఆరంభమునకు ముందు గంట సేపు కూర్చుండి వ్రాసికొన్న నాలుగు అంకెలు, పని ముగిసిన పిమ్మట పడవలసిన నాలుగు వందల మోతలను తప్పించును.